కొంగ మెడ వంచినదెవరు?

ఆ ఇంట్లో ప్రతి ఉదయం ఒక చిన్న కొలువు జరిగేది. వీధి తలుపు పక్కన, కాళ్ళ కింద చెక్క దిమ్మలు బిగించి ఎత్తు పెంచిన కుర్చీలో, మామగారు వీపు నిటారుగా నిలిపి ఆసీనులయ్యేవారు. ఇస్త్రీ చొక్కా, మడత చెదరని ప్యాంటు, ఒళ్ళో సగానికి మడిచిన పేపరు. ఎదురుగా ఆయన ఏకైక పుత్రుడు, పళ్ళ డాక్టరుగా ఊళ్ళో మంచి పేరున్నవాడు, ఒక మోకాలు నేలకు ఆనించి తండ్రిగారి నల్లతోలు బూట్ల లేసులు కట్టేవాడు. అంతసేపూ ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. పగలంతా పదిమంది చేత నోళ్ళు తెరిపించడమే వృత్తిగా గలవాడు, తండ్రి ఎదుట తన నోరు మాత్రం తెరిచేవాడు కాదు.

మాట్లాడక తప్పని పరిస్థితి వస్తే రాయబారం కోడలిది.

"అమ్మాయ్, ఎడమది వదులైందని చెప్పు."

చెప్పవలసిన మనిషి ఆయన మోకాలికి జానెడు దూరంలోనే ఉన్నాడు.

"ఏవండీ, ఎడమది వదులైందట."

"ఇప్పుడెలా ఉందో కనుక్కో."

"పరవాలేదని చెప్పు," అనేవారు మామగారు, ఆమె కనుక్కోకముందే.

అంతటితో కొలువు చాలించేవారు. మామగారు వాకర్ అందుకుని వీధి చివరిదాకా నడవడానికి లేచేవారు. కొడుకు మోకాలి దుమ్ము దులుపుకుని క్లినిక్కు బయల్దేరేవాడు. కోడలు కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి, ఇద్దరికీ ఎంత నామోషీ అని బాధపడేది. అంత నిటారు మనిషి తన పాదాలు ఇంకొకరి చేతికి అప్పగించడం, అంత పనిమంతుడు మాటైనా లేకుండా మోకరిల్లడం ఆమె చూడలేకపోయేది. దీన్ని తప్పించగల విద్య తన చేతిలోనే ఉందని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే తరవాత జరిగినదానికంతా మూలం.

మామగారు తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిగా చేసి రిటైరైనవారు. తూకంరాళ్ళ మీద ప్రభుత్వ ముద్ర వేయడం, వేసిన ముద్ర ఎవరైనా చెరిపితే పట్టుకోవడం ఆయన పని. అందుకే బజారులో ఆయనకు "ముద్రగారు" అని పేరు. ఆ బూట్ల కిర్రు వినబడగానే త్రాసులు వాటంతట అవే సరితూగి నిలిచేవని చెప్పుకునేవారు. ఇందులో అతిశయోక్తి ఉండవచ్చుగాని, ఆయన ఎవరికీ వంగలేదన్నది మాత్రం తిరుగులేని చరిత్ర. తుంటి కీలు మార్చాక ఎముకల డాక్టరు ఆయన మంచం దగ్గర నిలబడి, కొన్నాళ్ళపాటు నడుము లంబకోణం దాటి వంగకూడదని, కాలి మీద కాలు వేసుకోకూడదని, కొత్త కీలు పక్కకి తప్పుకుంటే మళ్ళీ మొదటికొస్తుందని వివరించాడు. ముద్రగారు శాంతంగా విని, రెండో నియమం మాత్రం తనకు కొత్తదన్నారు. మొదటిది తాను పుట్టినప్పటినుంచీ ఆచరిస్తున్నదేనట. దాన్ని ఇన్నాళ్ళకు వైద్యశాస్త్రం గుర్తించినందుకు సంతోషమట.

అసలు తగువు ఆ ఆపరేషను గురించే. భార్య పోయాక ఆయన ఊరికి ఆ కొసన, మేడ మీది వాటాలో ఒంటరిగా ఉండేవారు. తుంటి అరిగి మెట్లెక్కలేక, ఎక్కి దిగలేక అవస్థ పడుతూనే, ఎవరడిగినా భేషుగ్గా ఉన్నాననేవారు. కొడుకు ఎక్స్‌రే తీయించాడు, తనకు తెలిసిన ఎముకల డాక్టరుకి చూపించాడు, తేదీ ఖాయం చేశాడు, ఆస్పత్రిలో గది కూడా తీసుకున్నాడు. అన్నీ అయ్యాక ముందురోజు సాయంత్రం వచ్చి తండ్రికి చెప్పాడు. నొప్పి ముందు ఎంతటి ముద్రగారైనా చేసేదేముంది, వెళ్ళి బల్ల మీద పడుకున్నారు. మత్తు వదిలాక మాత్రం కొడుకుతో మాట మానేశారు. ఆస్పత్రినుంచి నేరుగా కొడుకింటికే తీసుకొచ్చినప్పుడు, గుమ్మంలో వాకర్ మీద నిలబడి, ఎదుటి గోడకు చెబుతున్నట్టు ఒక మాటన్నారు: "నా బూట్లు నా అంతట నేను వేసుకున్న రోజున ఈ ఇంట్లో ఉండను."

ఇలాంటి మాట ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. విన్నవాళ్ళు అందులో కోపం విని ఊరుకుంటారు, లేదా దుఃఖం విని కంట తడి పెడతారు. దురదృష్టవశాత్తూ ఆ ఇంటి కోడలు అంగవైకల్యానికీ, ఆపరేషన్ల తరవాత కోలుకోవడానికీ పనికివచ్చే సాధనాలు రూపొందించే వర్క్‌షాపులో ఇంజనీరు. ఆమెకు ఆ మాటలో కోపమూ వినిపించలేదు, దుఃఖమూ వినిపించలేదు. ఒక రోగి తనకు కావలసిన పరికరాన్ని ఒక్క వాక్యంలో, ఒక్క మాట వృథా కాకుండా నిర్వచించినట్టు వినిపించింది. ఆ మర్నాడే పని మొదలుపెట్టింది.

అప్పటికే ఇల్లంతా ఆమె సృష్టితో నిండి ఉంది. బాత్రూములో ఎత్తయిన పీట. రెండు కాళ్ళ మధ్యా పెట్టుకుని పడుకునే దిండు. కాలు మంచం మీదికి లాక్కునే పట్టీ. వంగకుండా కింద పడినవాటిని అందుకునే పొడుగాటి పట్టుకారు. ముద్రగారు వీటన్నిటినీ పూర్వపు హోదాలోనే తనిఖీ చేశారు. పీట మీద కూర్చుని లేచి, కాసేపు ఆలోచించి, "ప్రమాణానికి సరిపోయింది" అని తీర్పు చెప్పారు. పట్టుకారు మీద ఆయనకు ప్రేమే పుట్టింది. దానితో పేపరు అందుకునేవారు, ఫ్యాను స్విచ్చి నొక్కేవారు, ఒకసారి కొడుకు మరిచిపోయిన ఫోనును ఆ కొసన పట్టి, మాట ఖర్చు లేకుండా గుమ్మందాకా సాచి ఇచ్చారు.

ఒక్క కొంగ దగ్గరే పేచీ వచ్చింది.

కొంగ అన్న పేరు భర్త పెట్టాడు. అది ఒంటికాలి మీద నిలిచిన కడ్డీ. అడుగున పాదం మోపే పలక, నడుమెత్తున పిడి, కిందివైపు మెడ, మెడ చివర ముక్కు. పొడుగు షూహార్న్‌తో బూటు ఎక్కించుకున్నాక, మనిషి నిటారుగా కూర్చునే ఉండి పిడి పైకి లాగితే, ముక్కు లేసును పట్టి బిగించాలి. బిగిసిన లేసును బూటు మీది చిన్న బిళ్ళ కరిచి పట్టుకోవాలి. ముడితో పనిలేదు, వంగడంతో పనిలేదు, కొడుకుతో అసలే పనిలేదు. లేసులే వద్దు, ఊరికే కాలు దూర్చే బూట్లు తెస్తానని ఆమె మొదట్లోనే అడిగి చూసింది. లేసు లేని బూటూ ముద్ర లేని రాయీ తాను ముట్టనని మామగారు తేల్చి చెప్పారు. ఆమెకూ అదే మంచిదనిపించింది. తుంటి మార్పించుకుని ఇళ్ళకు వెళ్ళినవాళ్ళలో తమ బూట్లు తామే వేసుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్ళు ఈయన ఒక్కరే కారు. ఒక నిజమైన రోగి, ఫిజియోథెరపిస్టు కళ్ళముందు, లంబకోణం దాటకుండా బూటు వేసుకుని చూపిస్తే కొంగను తమ రోగులకు ఇస్తామని ఆస్పత్రివాళ్ళు మాటిచ్చారు. ఇది పనిచెయ్యదని వర్క్‌షాపులో నవ్వుకునేవాళ్ళ ఎదుట ఇన్ని నెలలూ ఆమె ఎత్తిన తల ఆ పరీక్ష మీదే నిలబడి ఉంది.

కొంగ లేసును పట్టేది, లాగేది. సరిగ్గా బిళ్ళ కరవబోయే క్షణంలో మడమ పలక మీదనుంచి లేచిపోయేది, లేసు జారిపోయేది. ఎందుకో ఆమెకు అంతుబట్టలేదు. దానికితోడు మామగారి అభ్యంతరాలు. ఒకరోజు ముక్కు లేసును కొరుకుతోందన్నారు. ఇంకోరోజు మెడ ఊగుతోందన్నారు. మరోరోజు కొంగ నీడ తన పాదం మీద పడి చూపుకు అడ్డొస్తోందన్నారు. పట్టుకారును ఒక్కపూటలో పాస్ చేసిన మనిషి, నీడకు మార్కులు తగ్గించడమేమిటని ఆమెకు వింతగా ఉండేది. భర్తతో చెబితే, పోనీలే వదిలెయ్, తనకేమీ ఇబ్బంది లేదు, పొద్దున్నే ఆ కాసేపు మోకాళ్ళకు వ్యాయామం అన్నాడు. అందులోనూ ఆమెకు త్యాగమే కనిపించింది. దాంతో పట్టుదల ఇంకా పెరిగింది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె లెక్కలు వేసి లోపం పట్టుకున్నాననుకుంది. ముక్కు పట్టు చాలడంలేదు. మెడ నిక్కచ్చిగా నిటారుగా లేదు. ముక్కు స్క్రూ ఇంకా బిగించింది, మెడను గీత గీసినట్టు నిలబెట్టింది. తరవాత వర్క్‌షాపు అలవాటు ప్రకారం, ఒక్కొక్క స్క్రూ తలమీదనుంచి పక్క లోహం మీదికి ఎర్రటి గోళ్ళరంగుతో సన్నని గీత లాగింది. స్క్రూ ఏమాత్రం కదిలినా గీత విరుగుతుంది, విరిగితే ఎవరో కదిపారని తెలుస్తుంది. కొంగను తలుపు పక్కన నిలిపి, రేపు ఇది తప్పక పనిచేస్తుందని కాఫీల దగ్గర ప్రకటించింది. మామగారు కాఫీ చాలా బావుందన్నారు. భర్త కూడా అదే అన్నాడు. ఇద్దరూ ఒకే మాట అనడం ఆ ఇంట్లో చాలాకాలానికి జరిగిన విశేషమని ఆమె మురిసిపోయింది.

మర్నాడు ఫిజియోథెరపిస్టు వచ్చింది. పిడికెడు మనిషి, గంపెడు గొంతు. ఆవిడ నడిపించేటప్పుడు పక్కింటివాళ్ళు కూడా కాళ్ళు సర్దుకునేవారు. కొంగను చుట్టూ తిరిగి చూసి, ముద్రగారి నడుముకు కోణం కొలిచే చట్రం ఆనించి, "ఊఁ, కానివ్వండి సార్. తొందరొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తూకం వెయ్యడంలేదు," అంది. క్లినిక్కు ఆలస్యమవుతున్నా భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ముద్రగారు బూటు ఎక్కించుకున్నారు. పిడి అందుకున్నారు. ఆయన ముఖంలో ఒక విధమైన ప్రశాంతత ఉంది, ఫలితం ముందే తెలిసినవాళ్ళలో ఉండేలాంటిది. సరిగ్గా అలాంటి ప్రశాంతతే గుమ్మంలో ఉన్న కొడుకు ముఖంలోనూ ఉంది. పిడి పైకి లేచింది. ముక్కు లేసును అందుకుంది, వాలుగా లాగింది. మడమ కదల్లేదు. బిళ్ళ టిక్కుమని కరిచింది. కరిచీ కరవగానే ముక్కు లేసును దానంతట అదే వదిలేసి, పెద్దమనిషిలా వెనక్కి తప్పుకుంది. రెండో కాలికీ అలాగే జరిగింది. నడుము లంబకోణం దరిదాపులకైనా పోలేదు.

ఫిజియోథెరపిస్టు చప్పట్లు కొట్టింది. ఇలాంటిది ఇన్నేళ్ళలో చూడలేదంది, ఇవాళే పైవాళ్ళకు చెబుతానంది, కోడలి భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ చప్పట్లకు తోడు మరో చప్పుడు వినబడలేదని కోడలు కాసేపటికిగాని గమనించలేదు. గెలిచిన మనిషి తన బూట్లవైపు, ఎవరివో చూస్తున్నట్టు చూస్తున్నారు. కొడుకు వరండాలోకి పోయి, అప్పుడే నీళ్ళు పోసిన మొక్కలకు మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు.

కొంతసేపటికి మామగారు అన్నారు, "నా పెట్టె కిందికి దించమని చెప్పు, అమ్మాయ్."

ఆమెకు దిగులు పట్టుకుంది. ఈ పెట్టె దించే రోజు కోసమే కదా ఇంత పాటుపడింది, మరి ఇప్పుడీ దిగులేమిటో ఆమెకు అర్థం కాలేదు. రేపు వెళ్ళొచ్చుగా అంది. మాటంటే మాటేనన్నారు. మెట్లన్నీ ఎలా ఎక్కుతారంది. ఎక్కుతానన్నారు, కాని ఏ మెట్ల గురించో ఒక క్షణం గుర్తురానట్టు అన్నారు.

ఏమీ తోచక ఆమె కొంగ దగ్గర చతికిలబడింది. వర్క్‌షాపుకు పంపేముందు అమరికను ఒకసారి చూసుకోవాలి. ముక్కు స్క్రూ మీది ఎర్రగీత విరిగి ఉంది. మెడ స్క్రూ మీది గీతా విరిగి ఉంది.

దిగులు పక్కకి పోయి ఆమెలోని ఇంజనీరు లేచి కూర్చుంది. వేలితో తడిమింది. ముక్కు స్క్రూ సగం చుట్టు వదులైంది. దాని గాడిలో వెడల్పాటి గాటు. అంత వెడల్పు మొన ఉన్న స్క్రూడ్రైవరు ఇంట్లో ఒక్కటే ఉంది, పూర్వం మామగారు త్రాసులు విప్పి చూడటానికి వాడిన ఇత్తడి పిడిది. మెడ ఒక పక్కకి వాలి ఉంది. ఆ స్క్రూ మీద గీరు వెంట్రుకవాసి. తన ముక్కు దగ్గరగా పెట్టి చూస్తే లవంగనూనె వాసన. ఆ వాసన పళ్ళ క్లినిక్కునుంచి ఆ ఇంటికి ఎవరి వేళ్ళకు అంటి వస్తుందో వాసన చూసేవాళ్ళకెవరికైనా తెలుసు.

రెండూ పనిచెడగొట్టడానికి చేసినవే. వదులైన ముక్కు లేసును జారవిడవాలి, వాలిన మెడ లేసును పక్కకి లాగిపారెయ్యాలి. కాని వాలిన మెడమీదుగా వచ్చిన లేసు ముక్కు అంచున ఒక వంపు తిరిగింది. వంపు తిరిగిన తాడుకి గట్టిపట్టు అక్కర్లేదు, ఆ వంపే పట్టు. వాలుగా లాగడంతో మడమ లేవడం మానేసింది. పట్టు వదులు కావడంతో పని కాగానే లేసు వదిలిపోయింది. నెలల తరబడి తను ఇంకా బిగించీ, ఇంకా నిలబెట్టీ సాధించలేనిదాన్ని, ఒకరు పాడుచేద్దామని కొంచెం వదులుచేసి, ఇంకొకరు పాడుచేద్దామని కొంచెం వంచి, ఒకరికొకరు తెలియకుండా సాధించిపెట్టారు. ఆమెకు నవ్వు వచ్చింది. వెనువెంటనే ఒళ్ళు మండింది.

కొంగను ఎత్తి భోజనాల బల్ల మీద పెట్టింది. ఇద్దర్నీ పిలిచి చెరోవైపు కూర్చోబెట్టింది.

"ఇది పనిచేయకూడదని ఈ ఇంట్లో ఎవరో అనుకున్నారు," అంది. "నా పని నచ్చకపోతే మొహాన చెప్పండి. దొంగచాటుగా స్క్రూలు తిప్పడమెందుకు? అక్కడ వర్క్‌షాపులో అందరూ నా వెనకాల నవ్వుతుంటే, ఇంట్లోవాళ్ళయినా నమ్మారనుకున్నాను."

భర్త బల్లవైపే చూస్తూ అన్నాడు, "మెడ వంచింది నేను."

అతను ఇంకేమీ అనకముందే ముద్రగారు తల తిప్పి కొడుకువైపు చూశారు. ఆస్పత్రి తరవాత ఆయన కొడుకు ముఖాన్ని సూటిగా చూడటం అదే మొదలు.

"మెడ సంగతి నాకు తెలీదమ్మాయ్," అన్నారు మెల్లగా. "పట్టు సడలించింది మాత్రం నేనే."

ముద్ర చెరిపినవాళ్ళను బజారులో పదిమంది ఎదుట నిలబెట్టిన మనిషి, తన కోడలు వేసిన ఎర్రగీతను ఇత్తడి స్క్రూడ్రైవరుతో చెరిపి, ఆ సంగతి తన నోటితోనే ఒప్పుకుంటున్నారు. ఆమె కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు. తెలుసుకోవాలన్న ఆరాటమొక్కటే మిగిలింది.

"ఎందుకు మామయ్యగారూ?"

ఆయన కొంగవైపు వేలు చూపించారు. "ఇది పనిచేస్తే నేను వెళ్ళాలి కదా," అన్నారు. "అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఆ డాక్టరు తుంటైతే మార్చాడు గాని, నాలుక మార్చేవాడు దొరకలేదు." ఆగి, అలవాటుగా, "వాడికి చెప్పు, నేను..." అన్నారు.

"చెప్పను," అంది కోడలు. "ఇక ఈ మోత నావల్ల కాదు. ఎదురుగానే ఉన్నారు, మీరే చెప్పండి."

ఆయనకంటే ముందు కొడుకు నోరు తెరిచాడు.

"నిన్ను అడగలేదు నాన్నా. తప్పే. అడిగితే వద్దంటావని భయం. నువ్వు వద్దన్నాక, ఆ మెట్ల మీద నువ్వలా గోడ పట్టుకుని దిగుతుంటే మళ్ళీ చూడటం నావల్ల అయ్యేది కాదు. అందుకే అన్నీ చేసేసి వచ్చి చెప్పాను. పొద్దున్నే ఆ లేసులు కడతానే, రోజు మొత్తంలో నిన్ను ముట్టుకునేది అప్పుడే. అదీ పోతుందని మెడ వంచాను."

కోడలు తల దించుకుంది. ఆ కాసేపటినే తను నామోషీ అనుకుంది. దాన్ని తప్పించడానికే ఇన్ని నెలలు పనిచేసింది.

"వద్దనేవాణ్ణే," అన్నారు ముద్రగారు. గొంతు నిటారుగానే ఉంది. "వద్దంటాడని తెలిసినా అడగాలిరా. నాలుగు రోజులు వద్దని, అయిదోరోజు సరేననేవాణ్ణి. ఆ నాలుగు రోజులూ నావి. నా ఎముక గురించి నేను వద్దనుకునే నాలుగు రోజులు. అవి నువ్వు తీసేసుకున్నావు."

కోడలికి ఆ మాట తనకూ తగిలినట్టనిపించింది. ఆయన్ని అడగకుండా ఎముక మార్పించినవాడు భర్త. వెళ్ళాలనుందా అని ఒక్కసారైనా అడగకుండా, వెళ్ళే సాధనం తయారుచేసినది తను. గోడతో అన్న మాటను కొలతలుగా రాసుకుందిగాని, అన్న మనిషిని మళ్ళీ పలకరించలేదు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు కొడుకు. "మా దగ్గరే ఉంటావా నాన్నా?"

ముద్రగారు చొక్కా చేతులు సర్దుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. చెవిలో పడలేదేమోనని కోడలు కంగారుపడి ఏదో అనబోతే, చెయ్యెత్తి ఆపారు.

"వినపడింది," అన్నారు. "ఇంకోసారి అడుగు."

కొడుకు అడిగాడు. ఈసారి సగమే నోటినుంచి వచ్చింది. మిగతా సగం కళ్ళలోంచి వచ్చింది. ముద్రగారు ఆ ప్రశ్నను చివరిదాకా, ఒక్క మాట వదలకుండా, ఎన్నాళ్ళుగానో రావలసినదాన్ని అందుకుంటున్నట్టు విన్నారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ముందు దీని సంగతి," అన్నారు కొంగవైపు వేలు చూపించి, అధికార స్వరం తెచ్చుకుని. "గీతలు చెరిగిన యంత్రంతో చేసిన పరీక్ష చెల్లదు. నేను వేసుకున్నది వేసుకున్నట్టు కాదు. జరిగింది జరిగినట్టు ఆ ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పు. ఇదే పట్టు, ఇదే వంపు పెట్టి, కొత్తగా గీతలు గీసి మళ్ళీ పిలిపించు. ఈసారి నేను చెయ్యి పెట్టను. వీణ్ణీ పెట్టనివ్వను. అది పాసయితే నలుగురికీ పనికొస్తుంది."

"అది పాసయితే మీరు వెళ్ళాలిగా," అంది కోడలు భయంగా.

ముద్రగారు కళ్ళజోడు పెట్టుకుని, తన పాదాలవైపు చూసుకున్నారు. రెండు బూట్లూ, రెండు బిళ్ళల కింద, మెరుస్తూ, బిగిసి కూర్చున్నాయి.

"అమ్మాయ్," అన్నారు, "వేసుకోవడం సరే. నీ కొంగ వీటిని విప్పగలదా?"

ఆమె కొంగవైపు చూసింది. ముక్కు, మెడ, పిడి, పలక అన్నీ ఒకసారి మనసులో తిప్పి చూసింది. ముడి అయితే ఆయన పట్టుకారుతో కొస పట్టి లాగేసేవారు. బిళ్ళకు కొస లేదు. ఇన్నాళ్ళూ పరీక్ష ఎప్పుడూ బిళ్ళదాకా రాలేదు, కాబట్టి ఆ ప్రశ్నా ఎప్పుడూ పుట్టలేదు. లెక్కల్లో లేదు, గీసిన బొమ్మల్లో లేదు, వర్క్‌షాపులో అన్ని బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. వెళ్ళే మనిషికి కావలసినదంతా అమర్చింది. ఇంట్లోకి వచ్చి, బూట్లు విప్పి, ఉండిపోయే మనిషికి కావలసినది ఏదీ చెయ్యలేదు.

"లేదు మామయ్యగారూ," అంది. ఎందుకో ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "విప్పే సంగతి నేను అసలు ఆలోచించలేదు."

"ఆలోచించు మరి. దానికి చాలా రోజులు పడుతుందనుకుంటాను."

"పడుతుంది," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "చాలానే పడుతుంది."

భర్త అప్పటికే కుర్చీ జరిపి కింద కూర్చున్నాడు. తండ్రి పాదం తన ఒళ్ళోకి తీసుకుని, బిళ్ళను గోటితో ఎత్తి చూశాడు, అది ఊడలేదు. పక్కనుంచి నొక్కాడు, ఊడలేదు. ఎంతెంత మొండిపళ్ళనో పీకిన వేళ్ళు ఆ చిన్న బిళ్ళ దగ్గర తడబడ్డాయి. కళ్ళనిండా నీళ్ళతో పనిచేయడం అతనికి అలవాటు లేదు మరి. కోడలు కూడా కిందికి జారి, ఇలా కాదు అలా అంటూ చేతులు కలిపింది. ముద్రగారు పైనుంచి ఆ రెండు తలలనూ కాసేపు చూశారు. తరవాత చెయ్యి కిందికి సాచి, లంబకోణం దాటకుండా ఎంతవరకు అందితే అంతవరకు, కొడుకు భుజం మీద వేశారు.

"తొందరేముందిరా," అన్నారు. "మెల్లగా తియ్యి."